ఏడు రోడ్ల దగ్గర

లాడ్జి తాళంచెవి గుప్పిట్లో పెట్టుకుని దిగాను.
చెవికో చెక్కబిళ్ళ, బిళ్ళ మీద 207.
కౌంటరు వెనక చాప మీది కుర్రాడు
ఒక కన్ను తెరిచి
"బస్సుకా మేడమ్?" అన్నాడు.
కాదు, ఊరికే, అన్నాను.
ఊరికే అన్న మాటలోనే ఊరుందని
గేటు దాటాక తట్టింది.

మాది ఆదోని. రక్తం కడిగే యంత్రాలు
పాడైతే బాగుచేయడం నా పని.
నెలకు మూడు ఊళ్ళు, ఒక్కోసారి అయిదు.
ప్రతి ఊళ్ళో ఒక లాడ్జి, ఒక ఆసుపత్రి, మధ్య ఆటో.
ఆటోలోంచి అన్ని ఊళ్ళూ ఒకటే ఫ్లెక్సీ.
అందుకే పరుగెత్తుతాను.
అరికాలికి అబద్ధం చెప్పడం
ఇంతవరకు ఏ ఊరికీ చేతకాలేదు.

శ్రీకాకుళం ముందు నా మడమకు తెలిసింది:
కాస్త సిమెంటు, తర్వాత తారు,
తవ్వి పూడ్చడం మరిచిన పైపు గుంత,
ఎవరో అప్పుడే చల్లిన కళ్ళాపి తడి.
దాన్ని తొక్కకుండా దూకాను.
తలుపు వెనకనుంచి ఎవరో నవ్వారు.

డే అండ్ నైట్ అట ఆ కూడలి పేరు.
నేను చేరేసరికి రెండూ కాని వేళ.
వ్యానులోంచి వంకాయ బస్తా దింపుతున్నామె
దించడం మానేసి
"ఎవులమ్మా తరుముతన్నారు?" అంది.
నిజంగానే వెనక్కి చూశాను.
ఎవరూ లేరు,
నలభై నాలుగేళ్ళు తప్ప.

పాత వంతెన మీద గాలి ఎదురొచ్చింది.
కింద నీళ్ళు తక్కువ, ఇసుక ఎక్కువ.
మోకాలి లోతులో నిలబడి ఒకాయన
పళ్ళు తోముకుంటున్నాడు, తొందర లేకుండా.
ఏటి పేరు నాలుక మీద వేసుకుని చూశాను.
నా, గా, వ, ళి.
ఎడమ, కుడి, ఎడమ, కుడి.
వంతెన చివరిదాకా సరిపోయింది.

తిరుగుదారిలో ఏడు రోడ్లు.
లెక్కపెడితే ఆరే వచ్చాయి.
మళ్ళీ పెట్టాను. ఆరే.
నేను వచ్చిన దారిని నేనే మరిచిపోతున్నాను.

అక్కడున్నారు వాళ్ళిద్దరూ,
మొదటి బస్సు దిగి, స్టీలు క్యారేజీతో.
ప్లాస్టిక్ ఫైలు మీద పేరు: బొమ్మాళి దాలయ్య.
"పెద్దాసుపత్రి ఏ రోడ్డమ్మా?
మా కాడ మిసను పాడైపోనాది,
ఇక్కడికెల్లమన్నారు" అంది భార్య.
ఆయన ఎడమ ముంజేతి మీద ఉబ్బిన నరం.
ఆ నరం నాకు తెలుసు.
దాని అవతలి కొసనే నేను ఇరవై ఏళ్ళుగా విప్పి బిగిస్తున్నది.

నలభై నిమిషాల వయసున్న ఊరిని వాళ్ళకు చెప్పాను:
మూసిన ఫోటో స్టూడియో దగ్గర తిరగండి.
గోధుమరంగు కుక్క మొరుగుతుంది, కరవదు.
తర్వాత కొంచెం ఎత్తు.
కంటికి కనబడదు, పిక్కలకు తెలుస్తుంది.

పిక్కలు అన్నాక ఆయన పాదాలు చూశాను.
వాచి ఉన్నాయి, చెప్పుల పట్టీలు కోసేసి ఉన్నాయి.
రండి, చూపిస్తాను, అన్నాను.

తొమ్మిది నిమిషాలు పరుగెత్తిన దారి
వెనక్కి ముప్పావుగంట పట్టింది.
పరుగులో కనబడనివి కనబడ్డాయి:
గడప మీద ఆరబెట్టిన బడిపిల్ల సాక్సులు,
సైకిలు షాపు గోడ మీద సున్నం కిందనుంచి
ఇంకా పోటీ చేస్తున్న పాత గుర్తు.
గొంతు ఎండి సీసా మూత తిప్పాను.
ఆయన చూపు సీసా దగ్గర ఆగింది, పక్కకు తిరిగింది.
రోజుకు ఎన్ని గుక్కలో ఆయనకు లెక్క ఉంటుంది.
మూత మళ్ళీ బిగించాను.

ఎత్తు దగ్గర నిలబడి రొప్పుతూ
"రోజూ ఇలగే పరిగెడతావా, ఎందుకమ్మా?" అన్నాడు.
నోటిదాకా వచ్చిన మాట
ఈసారి బయటికి రాలేదు.

వాళ్ళ ఊరి యంత్రం నా చీటీలో శుక్రవారం.
ఇవాళ మంగళవారం.


ఆసుపత్రి గేటు దగ్గర వాళ్ళు లోపలికి వెళ్ళాక
ఫోను తీసి, శుక్రవారం కొట్టేసి,
చెమట వేలితో రేపు అని రాస్తుంటే
అక్షరాలు రెండుసార్లు జారాయి.